మట్టి ఎవరిది? – లోభమును గూర్చి ఒక విచారము

అరిషడ్వర్గములలో లోభము తక్కినవానివలె బయటపడి తిరుగదు. క్రోధము పట్టినవానిని ఇరుగుపొరుగువారు వెంటనే గుర్తింతురు. కోపము చల్లారిన పిమ్మట అతడును తన స్థితికి సిగ్గుపడును. లోభి మాత్రము తాను లోభినని ఎన్నడును తలంపడు. తాను జాగరూకుడననియు, పొదుపరిననియు, పిల్లలకొరకు నాలుగు రాళ్లు వెనుకవేయుచున్నాననియు తలంచును. దస్తావేజులు అతని పేరనే యుండును. శిస్తు సకాలమున చెల్లించును. పండుగకు గుడిలో దీపము వెలిగించును. అట్టివానియందు దోషమెచ్చట నున్నది? ఒరుల సొత్తు అపహరింపనివాడు ఏ విధమున పాపియగును? బసవేశ్వరుని మార్గమున నడువగోరు ప్రతివారును ఎప్పుడో యొకప్పుడు ఎదుర్కొనవలసిన ప్రశ్న యిది.

ఈ ప్రశ్నను విచారించుటకు ఒక దూరదేశపు కథ ఉపకరించును. శరణచరిత్రలు చదువుకొను పత్రికలో ఆకాశనౌకల ముచ్చట ఏల యని కొందరికి తోచవచ్చును. కాని, మానవుడు నక్షత్రములదాక పోయినను లోభము అతని మూటలోనే యుండి వెంటవచ్చునని చూపుటయే ఆ కథలోని విశేషము.

అమెరికా దేశమున 2002వ సంవత్సరమున 'ఫైర్‌ఫ్లై' అను టెలివిజన్ ధారావాహిక ప్రసారమయ్యెను. జాస్ వెడన్ దాని సృష్టికర్త. 14 భాగములు నిర్మింపబడినను 11 మాత్రమే నాడు ప్రసారమై, ఆ యేటి డిసెంబరులోనే అది నిలిచిపోయెను. కథాకాలము 2517వ సంవత్సరము. భూమిని విడిచిపోయిన మానవులు వేరొక గ్రహమండలమున నివాసము లేర్పరచుకొనియున్నారు. నడిమి గ్రహములు భోగభాగ్యములతో తులతూగుచుండును. అంచులనున్న ఉపగ్రహములలో జనులు గుఱ్ఱములపై తిరుగుచు, దుమ్ములో బ్రతుకుచుందురు. 'సెరినిటీ' అను చిన్న నౌకలో తిరుగు కొందరి అనుభవములే ఆ ధారావాహికలోని కథలు.

2002 అక్టోబరు 18వ తేదీన ప్రసారమైన 'జేన్స్‌టౌన్' అను భాగమున హిగ్గిన్స్ అను భూస్వామి కనబడును. ఒక ఉపగ్రహమంతయు అతనిదే. దానికి అతని పేరే పెట్టబడినది. అక్కడ దొరకు బంకమట్టి పింగాణీవంటి గట్టి వస్తువుల తయారీకి పనికివచ్చును. మోకాలిలోతు బురదలో నిలిచి, ఉదయమునుండి సాయంకాలమువరకు ఆ మట్టిని తీయువారు రెండువేలకు పైబడిన కూలీలు. వారిలో పెక్కుమంది ఒడంబడికచే కట్టువడిన వెట్టివారు. సరకు కొనవచ్చినవాడనుకొని ఒక యువకునితో అచ్చటి మేస్త్రీ ఈ సంగతిని గర్వముగా చెప్పుకొనును. కూలీలకు ఇచ్చునది నామమాత్రమనియు, ఆ మిగులుబాటు కొనువారికే దక్కుననియు అతని మాట. లోభమునకు ఇంతకంటె నిర్మొగమాటమైన వ్యాఖ్యానము దొరకదు. పాపము యజమానునితో ఆగక, చౌకబేరము కోరు ప్రతి కొనుగోలుదారునికిని అందులో వాటా యున్నదని ఆ మేస్త్రీ తనకు తెలియకయే చెప్పినాడు.

ఆ కూలీలకు అక్కడ దొరకునది చిక్కని ఒక పానీయము. అది ఆహారమును అగును, మత్తును అగును. పూర్వము ఈజిప్టు దేశమున పిరమిడ్లు కట్టిన పనివారికి ఇట్టిదే పోసెడివారనియు, ఆకలి తీర్చుచునే రాత్రి తిరుగుబాటు తలంపు రాకుండ నిద్రపుచ్చుట దాని ప్రయోజనమనియు కథలోని వైద్యుడు అనును. పెట్టిన కూడే సంకెలగుట యన నిదియే.

ఇక హిగ్గిన్స్ చేసిన నేరమేమి? అతడు భూస్వామి మాత్రమే కాడు, అచ్చటి న్యాయాధికారియు అతడే. కూలి యిచ్చువాడును, కూలి చాలలేదని మొఱపెట్టుకొన్నచో వినవలసినవాడును ఒక్కడే. పనివానికి పోయి చెప్పుకొనుటకు మూడవ మనిషి లేడు. అట్టిచోట ధర్మము తప్పినను చట్టము తప్పదు. తెలంగాణమున దేశముఖుల గడీలనాటి వెట్టిని ఎరిగిన పెద్దలకు దీనిని వివరింప పనిలేదు. భూమి, తీర్పు, కొరడా ఒక్కచేతనే యున్నప్పుడు జనులు 1946 మొదలు 1951 వరకు ఏమి అనుభవించిరో, ఏల తిరుగబడిరో చరిత్రయే చెప్పుచున్నది. స్వతంత్ర భారతమున వెట్టిచాకిరిని రద్దు చేయు శాసనము 1976లో వచ్చినది. శాసనము బంధమును త్రెంపగలదు. బంధింపగోరు మనస్సును మార్చుట మాత్రము దాని పని కాదు. అది ధర్మబోధకు మిగిలిన పని.

పన్నెండవ శతాబ్దమున కల్యాణమున బసవేశ్వరుడు ఆ పనికి పూనుకొనెను. ఆయన బోధలో కాయకము, దాసోహము అనునవి రెండు మాటలుగా వినబడినను ఒక్క ధర్మమునకే రెండు ముఖములు. శ్రమించి సంపాదించుట కాయకము. సంపాదించిన దానిని తన అక్కఱకు మించి దాచుకొనక, ఇచ్చితినను అహంకారము లేక సంఘమునకు సమర్పించుట దాసోహము. కాయకము లేని దాసోహము ఒరుల సొమ్ముతో చేసిన వితరణ. దాసోహము లేని కాయకము వట్టి ఆర్జన. ఈ దృష్టితో చూచినప్పుడు హిగ్గిన్స్ చేసిన అపరాధము సంపూర్ణముగా బోధపడును. అతడు కూలీల కడుపు కొట్టినాడని మాత్రమే అనుట చాలదు. కూలి లేని పనివాడు ఒరులకు ఏమి పెట్టగలడు? అతిథి వచ్చిన నాడు ఏమి వండగలడు? పొరుగువాడు జబ్బుపడినప్పుడు ఏమి ఇయ్యగలడు? పనివాని చేతినుండి అన్నమును మాత్రమే గాక, అన్నము పెట్టు భాగ్యమునుగూడ హిగ్గిన్స్ లాగుకొన్నాడు. కాయకమును మిగిల్చి దాసోహమును దొంగిలించినాడు. శరణధర్మము దృష్టిలో లోభి చేయు ఘోరమైన చౌర్యమిదియే.

మట్టిపని నీచమని హిగ్గిన్స్ తలంపు. మన శరణచరిత్రలు అట్లు తలంపలేదు. పాల్కురికి సోమనాథుడు తెలుగున రచించిన బసవపురాణమున కుమ్మరి గుండయ్య కథ కలదు. గుండయ్య కుండను వాయించుచు భక్తిపరవశుడై ఆడగా, శివుడు సయితము దిగివచ్చి ఆడెనని కథ. మట్టి ముట్టిన చేతులను దేవుడు రోయలేదు. గడ్డితో త్రాళ్లు పేనిన నులియ చందయ్య, వెదురు అల్లిన మేదర కేతయ్య, పడవ నడపిన అంబిగర చౌడయ్య – వీరందరును అనుభవమండపపు సంప్రదాయమున పూజ్యులు. వారి పని వారిని తక్కువవారిని చేయలేదు. ఆ పని స్వతంత్రముగా వారిదగుటయే దానికి కారణము. అదే పనిని ఒకడు భయపెట్టి చేయించుకొన్నచో అది కాయకము కాదు, వెట్టి.

అదే ధారావాహికలో 'హార్ట్ ఆఫ్ గోల్డ్' అను మరియొక భాగమున రాన్స్ బర్జెస్ అను ఇంకొక భూస్వామి యున్నాడు. ఈ భాగము 2002 నాటి తొలిప్రసారమున వెలువడలేదు. బర్జెస్ యొద్ద ఒక పట్టణమునే కట్టింపగల ధనము కలదు. అయినను అతడు కట్టింపడు. తన చుట్టునున్న జనులు పాతకాలపు దారిద్ర్యములోనే యుండవలెనని అతని కోరిక. అప్పుడే ఆధునికమైన ఆయుధమును, వాహనమును గల ఏకైక పురుషుడుగా తాను వెలుగగలడు. సంఘము దూరముగా నుంచిన కొందరు స్త్రీలు బ్రతుకుచున్న ఇంటిపైకి అతడు సాయుధులతో దండెత్తును. అందులో నొకతెకు పుట్టిన శిశువు తన సంతానమనియు, కావున తన సొత్తనియు వాదించును. తుదకు ఆ తల్లి చేతనే మరణించును.

ఈ బర్జెస్ వలన లోభము యొక్క మరియొక రహస్యము తెలియుచున్నది. లోభికి కావలసినది ధనమని లోకము భ్రమించును. ధనమే కావలసియున్నచో చాలునను ఒక హద్దు ఎచ్చటనో దొరకును. ఒక మనిషి తినగలిగినది ఎంత, కట్టగలిగినది ఎంత? లోభికి కావలసినది తనకును ఎదుటివానికిని నడుమ ఎడము. ఎదుటివాడు ఒక మెట్టు ఎక్కినచో తనది ఏదియు తగ్గకున్నను అతడు బాధపడును. కూలివాని కొడుకు బడికి పోవుట చూచి ముఖము చిట్లించు ఆసామికి ఆ చదువువలన కలుగు నష్టమేమి? ఎడము తగ్గుటయే ఆ నష్టము. మనిషిని సొత్తుగా చూచుట అలవాటైనవాడు కడపట కన్నబిడ్డనుగూడ సొత్తుగానే చూచునని బర్జెస్ కథ చెప్పుచున్నది.

ఇచ్చట ఒక పూర్వపక్షము వినబడును. 'భూస్వామి పెట్టుబడి పెట్టనిచో పని యెక్కడిది? పని లేనిచో ఆ కూలీల గతి యేమి? లాభము చూచుకొనుట పాపమైనచో వర్తకుడును, రైతును, గుమాస్తాను అందరును పాపులే కదా' యని. ఈ ఆక్షేపణ త్రోసివేయదగినది కాదు. బసవేశ్వరుడు సయితము ధనమునకు దూరముగా బ్రతికినవాడు కాడు. బిజ్జలుని కొలువున భండారియై రాజ్యధనమును చేతులతో ముట్టినవాడు. ఆయన సంపదను నిందింపలేదు. సంపదకు ఒక కొలత యుండవలెనని చెప్పెను. ఆ కొలత యెట్టిదో ఆయ్దక్కి మారయ్య దంపతుల కథ తెలుపును. మారయ్య నేల రాలిన బియ్యపుగింజలు ఏరి తెచ్చి, వానితో జంగమారాధన చేయుచుండెడివాడు. ఒకనాడు అవసరమునకు మించిన బియ్యము దొరకగా ఆనందముతో ఇంటికి తెచ్చెను. ఇల్లాలు లక్కమ్మ అది చూచి సంతోషింపలేదు. ఈ అధికము మనకేల, తెచ్చినచోటనే పోసి రమ్మని భర్తను పంపెను. ఆ బియ్యము దొంగసొమ్ము కాదు. దానిని ఎవ్వరును అడుగలేదు. చట్టము దృష్టిలో మారయ్య నిర్దోషి. అయినను లక్కమ్మ అడిగిన ప్రశ్న వేరు: 'ఇది ఎవరి సొత్తు?' అని గాక 'ఇది మనకు కావలెనా?' అని ఆమె అడిగినది. హిగ్గిన్స్ తన జీవితమున ఒక్కసారియు వేసికొనని ప్రశ్న అది. యజమానుడు పెట్టుబడి పెట్టుట దోషము కాదు. పనివాడు నిలువలేనంతగా తాను మిగుల్చుకొనుట దోషము.

ఇక కథ యొక్క ముఖ్యమైన మలుపును చూడవలెను. సెరినిటీ నౌకలో జేన్ అను మోటువాడు ఒకడు కలడు. కొన్నియేండ్లకు పూర్వము అతడు తన జతగానితో కలిసి హిగ్గిన్స్ ఇంట దోపిడి చేసెను. పారిపోవు వాహనము బరువుకు క్రుంగిపోవుచుండగా జేన్ మొదట తన జతగానిని క్రిందికి త్రోసెను. అప్పటికిని పైకి లేవకపోగా, గత్యంతరము లేక ధనమును జారవిడిచెను. అది కూలీల గుడిసెలపై వర్షమువలె కురిసెను. ధనముకంటె ముందు మనిషిని పారవేసినవాడని కూలీలకు తెలియదు. తమకొరకు తెగించి దోచి పంచిన ధర్మాత్ముడని వారు నమ్మిరి. అతనికి విగ్రహము నిలిపిరి, పాట కట్టిరి. త్రోయబడిన జతగానిని మాత్రము హిగ్గిన్స్ నాలుగేండ్లు చీకటిగూటిలో బంధించియుంచెను. జేన్ మరల ఆ చోటికి వచ్చినాడని వినగానే పగ తీర్చుకొమ్మని అతనిని విడిచిపెట్టెను. అతడు వచ్చి, సంతలో అందరియెదుట నిజమంతయు బయటపెట్టి, తుపాకి గురిపెట్టెను. అప్పుడు ఒక కూలిపిల్లవాడు అడ్డమువచ్చి ఆ దెబ్బ తాను తిని మరణించెను. నిజము విన్న తరువాతనే అతడు అడ్డమువచ్చినాడు. జేన్ పగవానిని చంపి, తన విగ్రహమును తన చేతులతోనే పడద్రోసి వెడలిపోవును. ఆ పిల్లవాడు అట్లేల చేసెనో అతనికి అర్థము కాదు.

జేన్ చేసినది దానమా? కాదు. ఇచ్చు సంకల్పము లేనిచోట దానము లేదు. 1951 ఏప్రిల్ 18వ తేదీన పోచంపల్లిలో వినోబా భావే సభయందు వెదిరె రామచంద్రారెడ్డి లేచి, హరిజనులకొరకు నూరు ఎకరములు ఇచ్చుచున్నానని పలికెను. ఎవ్వరును తుపాకి చూపలేదు. వాహనము క్రుంగలేదు. పిడికిలి తనంతట తానే విచ్చుకొనెను. పడిపోయిన ధనమునకును విచ్చుకొన్న పిడికిలికిని గల భేదమే దానతత్త్వము. అయినచో కూలీల కృతజ్ఞత వట్టి భ్రమయేనా? ఇచ్చట తొందరపడి తీర్పు చెప్పరాదు. ప్రసాదము నందు ఇచ్చువాని యోగ్యతతోపాటు పుచ్చుకొనువాని భావమునకును స్థానము కలదని మన సంప్రదాయము. కూలీలు ఆ ధనమును ప్రసాదముగా స్వీకరించిరి. తమవంటివారినిగూడ ఒకడు తలంచినాడన్న ఊహయే వారికి వెన్నెముకయైనది. ఆ విగ్రహమును తొలగింపనీయక అధికారికి ఎదురునిలిచిన ధైర్యము దానివలన వచ్చినదే. ఆ ధైర్యము జేన్‌ది కాదు. అది వారిలోనే యుండెను. బయటకు వచ్చుటకు ఒక నెపము మాత్రము దొరకినది.

బసవేశ్వరుని బోధలోని స్థావర జంగమ వివేకము ఇచ్చట ఉపకరించును. నిలిపినది కూలిపోవును, చరించునది చేటు లేనిది. జేన్ విగ్రహము స్థావరము. అది ఒక్క త్రోపుతో నేలబడినది. దెబ్బకు అడ్డమువచ్చిన ఆ పిల్లవాని త్యాగము జంగమము. దానిని పడద్రోయుట జేన్ తరము కాలేదు, మరచుటయు తరము కాలేదు. ఆ పిల్లవానికి భూమి లేదు, కూలి లేదు, దాచుకొన్న కాసు లేదు. హిగ్గిన్స్ అతనియొద్దనుండి దాసోహమునకు కావలసిన సాధనములన్నియు లాగుకొన్నాడు. ఒక్క ప్రాణము మిగిలినది. దానినే అతడు సమర్పించినాడు. మనుష్యులు ఇట్లుగూడ ఉందురా యని జేన్ కలతపడుటకు కారణమిదియే. లోకమంతయు తనవంటివారితో నిండియున్నదని నమ్మి బ్రతికినవాడు అతడు. ఆ నమ్మకము హిగ్గిన్స్‌కును కలదు, బర్జెస్‌కును కలదు. అందరును లాగుకొనువారేయైనచో ముందుగా లాగుకొనుటలో తప్పేమి? లోభమునకు ఆధారమైన సిద్ధాంత మది. ఒక్క నిరుపేద చేసిన సమర్పణ ఆ సిద్ధాంతమును పడగొట్టినది.

హిగ్గిన్స్‌కు ఒక కుమారుడు కలడు. పేరు ఫెస్. పౌరుషము లేనివాడని తండ్రి అతనిని చులకన చేయుచుండును. జేన్‌ను పట్టుకొనుటకై సెరినిటీ నౌక కదలకుండ తండ్రి అధికారబలముతో బంధము వేయించెను. ఫెస్ తండ్రికి తెలియకుండ ఆ బంధము విప్పించెను. తండ్రి చేయి చేసికొన్నను బెదరక, నన్ను మగవానిని చేయగోరితివి, అది నెరవేరినదను భావముతో బదులు చెప్పెను. ఈ చిన్న ఘట్టము మరువదగినది కాదు. లోభి తన కుమారునికొరకే కూడబెట్టుచున్నాననును. ఆ కుమారుడు నిజముగా మనుష్యుడైన నాడు చేసిన మొదటి పని తండ్రి పిడికిలిని సడలించుట. సంపద వారసత్వముగా వచ్చును. దానితో వచ్చు పాపమును స్వీకరింపకుండుటకు వారసునికి ఎల్లప్పుడును స్వేచ్ఛ కలదు.

శరణబంధువులు ఈ కథను పరదేశపు వినోదముగా చదివి విడువరాదు. మన సమాజమునను భూమి గలవారున్నారు, అంగళ్లు గలవారున్నారు, ఇండ్లలో పనివారిని పెట్టుకొన్నవారున్నారు. బసవజయంతినాడు విగ్రహమునకు పూలమాల వేయుట సులభము. ఆ మాల వేసిన చేయి, నాట్లు వేసిన కూలికి రావలసిన పైకము ఎన్నిసార్లు రేపురమ్మని త్రిప్పినదో ఎవరికి వారు తలంచుకొనవలెను. అంట్లు తోమిన ఇల్లాలికి జబ్బు చేసిన నాలుగుదినములకు జీతము కోసినవాడు హిగ్గిన్స్‌కు ఎంత దూరమున నున్నాడు? అతనికి ఉపగ్రహము లేదు. అవకాశము కొద్దిగా నున్నది. పరిమాణము వేరైనను పదార్థ మొక్కటియే.

ఆచరణకు మూడు నియమములు చాలును. పని ముగిసిన నాడే కూలి చేతబెట్టవలెను. ఆ కూలి, పనివాడు తాను తినుటకే గాక, వచ్చిన చుట్టమునకు ఒకపూట పెట్టుటకును చాలవలెను. అతని దాసోహమును కాపాడుట యజమానుని ధర్మము. మూడవది, ఇంట నేదైన అధికముగా చేరినప్పుడు, అది న్యాయముగా వచ్చినదే యైనను, లక్కమ్మ అడిగిన ప్రశ్నను ఇల్లాలును, గృహస్థును కలిసి ఒకసారి అడుగుకొనవలెను.

మట్టి ఎవరిది యను ప్రశ్నకు దస్తావేజు ఒక సమాధానము చెప్పును. బురదలో నిలిచిన పాదములు ఇంకొక సమాధానము చెప్పును. ఈ దేహమును తుదకు ఆ మట్టిలోనిదే యని ఎరిగిన శరణుడు మూడవ సమాధానము చెప్పును: మట్టి శివునిది, దానిపై చేసిన శ్రమ పనివానిది, వచ్చిన ఫలము అందరిది. ఈ మూటిని వేరుచేసి చూడనేర్చిన ఇంట లోభమునకు చోటుండదు.